నోరు ఇటు తిరిగిన బుట్ట

ప్రశ్న: పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవుల కవయిత్రి కాథీ జెట్నిల్-కిజినర్ తన పసికూతురిని ఉద్దేశించి ఐక్యరాజ్యసమితిలో చదివిన కవితను ఈమధ్య విన్నాను. నేను ఉప్పాడలో పుట్టి పెరిగినదాన్ని. తీరం కోసుకుపోయి ఇళ్లు కడలిపాలు కావడం మా వాళ్లు ఎరిగినదే. అయినా ఒక సందేహం వదలడం లేదు. భూతాపం వంటి లోకసమస్యకు తల్లీబిడ్డల మమకారాన్ని జోడించడం, వినేవారి చేత సులువుగా కన్నీరు పెట్టించే ఉపాయం కాదా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. బిడ్డను చూపి గుండె కరిగించే పద్యాలు ఏ భాషలోనైనా కొల్లలు, వాటిలో చాలావాటికి ఆయుష్షు తక్కువ. ఈ కవితను ఆ వరుసలో పెట్టడానికి మాత్రం నాకు మనసొప్పదు. 2014 సెప్టెంబరు 23న న్యూయార్క్‌లో, వాతావరణ శిఖరాగ్ర సమావేశం ప్రారంభసభలో ఆమె దాన్ని చదివేనాటికి పాపకు ఏడు నెలలు. బోసినవ్వు, నున్నటి గుండు, అరటిపండును చూస్తే పట్టలేని సంబరం, లగూన్ ఒడ్డున తల్లితో పొద్దుటి షికారు – ఇలా మొదలవుతుంది కవిత. పగడపు దిబ్బల వలయం నడుమ ఉండే ఆ నీరే ఏదో ఒకనాడు ఒడ్డును కొరికి, ఇళ్లను మింగి, నిన్ను ఊరు లేనిదాన్ని చేస్తుందని అంటున్నారమ్మా అని తల్లి మరుక్షణమే పాపతో చెబుతుంది. షికారు చేసిన ఒడ్డూ, మునిగిపోతుందంటున్న ఒడ్డూ ఒకటే కావడంతో, లాలిపాటకూ హెచ్చరికకూ మధ్య అతుకు వేయవలసిన పని ఆమెకు పడలేదు.

అయితే అసలు కారణం ఇంకా లోతున ఉంది. 2017లో వెలువడిన ఆమె కవితాసంపుటి పేరు 'ఇయెప్ జాల్టొక్'. మార్షలీస్ భాషలో ఆ మాటకు నోరు మనవైపు తిరిగి ఉన్న బుట్ట అని అర్థం. అక్కడ ఆడబిడ్డను అలా అంటారు; ఆ బుట్టలో ఉన్నదంతా అయినవాళ్లకు అందుతుందని భావం. 'ఆడపిల్ల ఎప్పటికైనా ఆడ పిల్లే గాని ఈడ పిల్ల కాదు' అనే సామెత వింటూ పెరిగిన మనకు ఈ పలుకుబడి దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. నాకైతే ఆ సంపుటి తెరిచిన ప్రతిసారీ అలాగే అనిపించింది. ఆ సమాజంలో భూమి హక్కు తల్లివైపు నుంచి సంక్రమిస్తుంది. సముద్రమట్టానికి సగటున రెండు మీటర్ల ఎత్తు మాత్రమే ఉన్న ఆ నేల మునిగితే, తల్లి కూతురికి ఇవ్వవలసిందే మునిగిపోతుంది. మాతృత్వాన్నీ సముద్రాన్నీ కవయిత్రి పనిగట్టుకొని జోడించిందని అనుకుంటాం గాని, ఆ ముడి ఆమె పుట్టకముందే ఆ నేలలో పడి ఉంది. (ఆమె కన్నతల్లి హిల్డా హైనీ 2016లో ఆ దేశానికి తొలి మహిళా అధ్యక్షురాలు కావడం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గ విషయం.)

పైగా అక్కడి తల్లుల భయం ఈనాటిది కాదు. 1946 నుంచి 1958 వరకు అమెరికా ఆ దీవుల్లో 67 అణుపరీక్షలు జరిపింది. ఎముకలు లేని, జెల్లీచేపల్లాంటి శిశువులను కన్నామని అక్కడి స్త్రీలు చెప్పుకొన్న గోడు కూడా ఆమె కవిత్వంలో ఉంది. ఆ కవితలు చదివాక పాపకు రాసిన కవితను మళ్లీ వినండి. నీకేమీ కానివ్వనని తల్లి ఇచ్చే మాట ఎంత బరువైనదో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. డిగ్రీలు, సెంటీమీటర్లు కవిత్వంలో ఇముడుతాయా?
– ఒక ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: ఇముడుతాయి. అందుకు పైన చెప్పుకొన్న కాథీ జెట్నిల్-కిజినర్‌దే 'రెండు డిగ్రీలు' అనే కవితను చూపుతాను. ఏడాది పాప ఒళ్లు వెచ్చబడింది, థర్మామీటర్ 99.8 చూపుతోంది. 100.4 దాటితేనే జ్వరమన్నది డాక్టరు లెక్క. ఒడిలో వాలిపోయిన బిడ్డ ఎర్రబడిన ముఖం మాత్రం తల్లికి వేరే సంగతి చెబుతోంది. కొద్ది డిగ్రీల్లో ఎంత తేడా ఉందో అనుకుంటూ ఆమె ఆలోచన అక్కడి నుంచి వాతావరణ చర్చల మీదికి మళ్లుతుంది. భూతాపం పెరుగుదలను 2 డిగ్రీలకు బాగా దిగువన ఉంచాలని, 1.5 దగ్గరే ఆపడానికి ప్రయత్నించాలని 2015లో ప్యారిస్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. ఆ రెండు అంకెల మధ్య ఉన్నది అర డిగ్రీ సెల్సియస్. మీ విద్యార్థుల చేత దాన్ని ఫారెన్‌హీట్‌లోకి మార్పించండి: 0.9 వస్తుంది. 98.6కు అది కలిపితే 99.5, అంటే మన ఇళ్లలో అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి 'ఒళ్లు కాస్త వెచ్చగా ఉందే' అని బడి మానిపించే వేడి. (ఈ లెక్క నాది, కవితలో లేదు.)

చర్చించేవారికి రెండు డిగ్రీలు ఒక కొలమానమే కావచ్చు, తన దీవులకు మాత్రం అది జూదమని ఆమె అంటుంది. కవిత చివర అంకెలేవీ ఉండవు. అడుగు వేస్తే కీచుమంటూ మెరిసే పసుపుపచ్చ బూట్లతో, ఇంకా నీట మునగని పగడపు దిబ్బ అంచున, ఆ పాప దబదబా నడుస్తూ ఉంటుంది.