పడిపోతారని నడక మాన్పించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు. తుంటి ఎముక విరిగితే తిరుపతిలో ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు పునరావాస కేంద్రంలో వాకర్‌తో నడిపిస్తున్నారు. గత వారం తెల్లవారుజామున మూత్రానికి లేచి మంచం పక్కనే పడిపోయారు. దెబ్బలేమీ తగల్లేదు. బీపీ మాత్ర, ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్, నిద్రకు అల్ప్రజోలామ్ వాడుతున్నారు. మంచానికి కమ్మీలు వేయించి, కొన్నాళ్లు నడక మాన్పించమని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: నడక మాన్పించవద్దు. ఈ వయసులో మంచం పట్టిన వారికి తొడ కండరాల బలం కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది కనుక, మళ్లీ లేచి నిలబడే రోజున పడిపోయే ప్రమాదం ఇప్పటికన్నా పెరుగుతుంది. వీపు మీద పుండ్లు పడటం, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం వంటి చిక్కులూ తోడవుతాయి. కమ్మీల మీద కూడా భరోసా పెట్టుకోకండి. మూత్రం ఆపుకోలేని మనిషి కమ్మీ దాటి దిగబోయి మరింత ఎత్తు నుంచి పడతారు. కొన్నిచోట్ల చేతులు కట్టేస్తుంటారు. దానికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకండి.

ఆయన ఏ వేళ, ఏ పనికి లేచి పడ్డారన్నది ముఖ్యం. మీరు రాసిన మూడు మందుల్లో బీపీ మాత్ర, టామ్సులోసిన్ రెండూ నిలబడగానే రక్తపోటును తగ్గించగలవు. అల్ప్రజోలామ్ మత్తు తెల్లవారుజామున కూడా పూర్తిగా వదలకపోవచ్చు. అందుకే ఆయనను ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన తర్వాత 1, 3 నిమిషాలకు మరో రెండుసార్లు బీపీ చూడమని నర్సును అడగండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకు మించి గానీ పడిపోతే మందుల మోతాదును, వేళలను డాక్టరు మార్చవలసి ఉంటుంది. ఆసుపత్రిలో మొదలైన నిద్రమాత్ర, ఆపమని ఎవరూ చెప్పకపోవడం వల్లనే నెలల తరబడి సాగిపోవడం మామూలే. అయినా మీ అంతట మీరు ఏదీ ఆపకండి. ముఖ్యంగా అల్ప్రజోలామ్‌ను డాక్టరు సలహాతో క్రమంగా తగ్గించాలి.

ఇక రాత్రి సంగతి. ఆయనకు అవసరం వచ్చేదాకా ఆగకుండా, పడుకునే ముందు ఒకసారి, మామూలుగా లేచే సమయానికి కాస్త ముందే మరోసారి ఎవరైనా తోడుండి లేపాలి. మూత్రం పట్టే డబ్బా, కాలింగ్ బెల్, కళ్లద్దాలు, వాకర్ చేతికందేలా ఉండాలి. మంచం అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. లేచే ముందు రెండు నిమిషాలు కూర్చుని కాళ్లు ఆడించాలి. కాఫీని సాయంత్రం తర్వాత మానిపించండి గానీ పగటి నీళ్లు తగ్గించకండి. మన తిరుపతి ఎండల్లో ఒంట్లో నీరు తగ్గితే బీపీ ఇంకా పడిపోతుంది. మూత్రవిసర్జన కొత్తగా ఎక్కువైందనిపిస్తే మూత్ర పరీక్ష చేయించండి.

ఇంటికి తీసుకువెళ్లే ముందే బాత్‌రూమ్ చూసుకోండి. మన వైపు ఇళ్లలో నున్నటి గ్రానైట్ బండలే ఎక్కువ, వాటి మీద చెంబెడు నీళ్లు పడినా జారుతుంది. తువ్వాలు ఆరేసుకునే రాడ్డు మనిషి బరువు ఆపదు. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడలోకి గట్టిగా బిగించిన పట్టుకమ్మీలు కావాలి. కాళ్లకు నూనె రాసిన వెంటనే నడవనివ్వకండి. పంచె పాదాలకు తగలకుండా పైకి కట్టించండి, అరిగిపోయిన హవాయి చెప్పులు తీసేయండి. వాకర్ నుంచి చేతికర్రకు మారినప్పుడు కర్రను ఆపరేషన్ జరిగిన కాలికి ఎదురు వైపు చేత్తో పట్టుకోవాలి. డిశ్చార్జి అయ్యాక కూడా ఫిజియోథెరపీ ఆపకండి. తిరుపతిలో బర్డ్, స్విమ్స్ ఆసుపత్రుల్లో ఆ సదుపాయం ఉంది.

మీరు అడగని విషయం ఒకటుంది. నిలబడిన ఎత్తు నుంచి పడినంత మాత్రానే తుంటి విరిగితే ఎముకలు గుల్లబారాయని అనుమానించాలి. ఆపరేషన్ విరిగిన చోటును అతికిస్తుందే తప్ప మిగతా ఎముకలకు బలం ఇవ్వదు కనుక, విటమిన్ డి పరీక్ష గురించి, ఎముకలను గట్టిపరిచే మందుల గురించి డాక్టరును తప్పక అడగండి. కంటిలో శుక్లాలు ఉన్నాయేమో కూడా చూపించండి.

మళ్లీ పడితే చంకల కింద చేతులు వేసి ఒక్కసారిగా లాగకండి. ముందు నొప్పి ఎక్కడుందో అడగండి. గజ్జలో నొప్పి ఉన్నా, కాలు మోపలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. తలకు దెబ్బ తగిలి, ఆయన రక్తం పలుచబడే మందులు కూడా వాడుతుంటే, పైకి బాగానే కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆ తర్వాత కొన్ని వారాల వరకు మగతగా ఉన్నా, మాట తడబడినా, తలనొప్పి పెరుగుతున్నా సీటీ స్కాన్ అవసరం.