జర్మనీ యూనివర్సిటీల్లో హాజరు తీసుకోరట, నిజమేనా? మరి చదువు ఎలా సాగుతుంది?

చాలా లెక్చర్లకు నిజంగానే హాజరు ఉండదు. మనవాళ్లు బోల్తా పడేది సరిగ్గా అక్కడే. ఇంటర్నల్ మార్కులతో గట్టెక్కే అలవాటు మనది. అక్కడ చాలా సబ్జెక్టుల్లో సెమిస్టర్ చివరి పరీక్ష ఒక్కటే గ్రేడు తేల్చేస్తుంది. అది నోటి పరీక్ష కూడా కావచ్చు. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని 'ఎందుకు' అంటే, బట్టీ పట్టింది పనికిరాదు.

లెక్చర్ మానినా 'యూబుంగ్' మాత్రం మానకండి. లెక్కలు చేయించే క్లాసు అదే, పరీక్ష పోకడ తెలిసేదీ అక్కడే.

గ్రేడ్లు మనకు తలకిందులు: 1.0 అత్యుత్తమం, 4.0 పాస్, 5.0 ఫెయిల్. సప్లీల మీద సప్లీలు రాసుకుంటూ పోవడం కుదరదు. చాలాచోట్ల మూడే అవకాశాలు. తప్పనిసరి సబ్జెక్టులో అవి అయిపోతే ఆ కోర్సు నుంచి బయటికే.

అన్నట్టు, క్లాసు అయ్యాక అందరూ బల్లలు తడితే కంగారు పడకండి, అవి వాళ్ల చప్పట్లు.