సమాధానం: ఆ 1863 రాగి బిళ్ళ దొంగ సెంటు కాదు

మీ మేనల్లుడు అమెరికా నుంచి తెచ్చిన 1863 నాటి బిళ్ళ సెంటులాగే ఉందనీ, కానీ వెనక 'నాట్ వన్ సెంట్' అని ఉందనీ రాశారు. దొంగ నాణెమా, చింతపండుతో తోమొచ్చా అని అడిగారు. ముందు ఆ చింతపండు పక్కన పెట్టండి బాబూ! పులుపు తగిలితే ఏళ్ళ తరబడి పట్టిన రంగు పోతుంది, కొనేవాడు ముఖం తిప్పుకుంటాడు.

దొంగ నాణెం కాదు. అక్కడి అంతర్యుద్ధంలో జనం బంగారం, వెండి, చివరికి సెంట్లు కూడా దాచేసుకున్నారు. చిల్లరకు కటకట వచ్చి వర్తకులు సొంత టోకెన్లు కొట్టించుకున్నారు. 'నాట్' బుల్లి అక్షరాల్లో, 'వన్ సెంట్' పెద్దగా వేయడంలోనే ఉంది కిటుకంతా! 1864లో చట్టం తెచ్చి వీటిని ఆపించారు. (మనకూ రెండో ప్రపంచ యుద్ధంలో రాగి పొదుపు కోసం 1943లో చిల్లు కాణీ వచ్చింది కదా.)

అసలు 1863 సెంటులో 12 శాతం నికెల్ ఉంటుంది. అందుకే పాలిపోయినట్టు, మందంగా ఉంటుంది, బరువు 4.67 గ్రాములు. మీది ఎర్రగానో గోధుమరంగులోనో ఉండి, పల్చగా ఉంటే టోకెనే. తెలిసిన నగల షాపులో తూకం వేయించండి. అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తే మాత్రం పోత పోసిన నకలని అనుమానించాలి. దుకాణం పేరుంటే స్టోర్ కార్డ్, దేశభక్తి నినాదమో బొమ్మో మాత్రమే ఉంటే పేట్రియాటిక్. ఈ టోకెన్ల కేటలాగులో ఒక్కో రకానికీ ఇచ్చిన 'ఫుల్డ్ నంబరు' చూసుకుంటే ఎంత అరుదో తెలుస్తుంది.

మీ ఇల్లు బీచ్ రోడ్డు పక్కనే అన్నారు, నాకు ఆ ఉప్పుగాలే టెన్షన్. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. లేత పచ్చ పొడి రాలుతుంటే మిగతా నాణేల నుంచి వెంటనే వేరు చేయండి.