ఓడినవాణ్ని లేవగొట్టొద్దు అల్లుడా

అల్లుడా,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. బెంగళూరులో ఉద్యోగం మానేశావని, ముగ్గురు స్నేహితులతో కలిసి ఇక్కడే తిరుపతిలో గది తీసుకుని వీడియో గేమ్ తయారు చేస్తున్నావని చెప్పింది. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని ఆడే గేమంట, రేసులు ఉంటాయంట, మధ్యమధ్యలో చిన్నచిన్న ఆటలు ఉంటాయంట. చెప్తూ చెప్తూ ఏడ్చింది. "నువ్వే వాణ్ని చెడగొట్టావన్నా, చిన్నప్పుడు ఆ షాపులో కూర్చోబెట్టి" అంది. నేను మారు మాట్లాడలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం మీ అత్తతో, "మన షాపులో స్టూలెక్కి కూర్చున్న పిల్లోడు సొంతంగా గేమ్ చేస్తున్నాడు" అని రెండుసార్లు చెప్పాను. తర్వాత తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. అందుకే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ముందు అందరూ చెప్పేవి చెప్పేస్తాను. ఏడాదికి సరిపడా తిండికీ అద్దెకీ డబ్బు పక్కన పెట్టుకో. నలుగురి వాటాలు ఇప్పుడే, స్నేహం బాగున్నప్పుడే, కాగితం మీద రాసుకోండి. చేసిన పని ఏ రోజుకారోజు రెండుచోట్ల దాచిపెట్టండి. వేళకు తిను. రాత్రుళ్లు మేలుకుని రాసిన కోడ్ పొద్దున చూస్తే తప్పులతడకగా ఉంటుందని మా పెద్దమ్మాయి అంటూ ఉంటుంది, అదీ మీ లైనే కదా.

ఇక అసలు సంగతి. ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు, మీ అత్తకు కూడా సగమే తెలుసు.

బైరాగిపట్టెడలో నా వీడియో గేమ్ షాపు నీకు లీలగా గుర్తుండే ఉంటుంది. 1995 నుంచి 2004 దాకా నడిపాను. ఒక షట్టర్ గది, మూడు టీవీలు, చెన్నై బర్మా బజారుకు పోయి తెచ్చిన గేమ్ పెట్టెలు, వాటిలో పెట్టే పసుపు రంగు క్యాసెట్లు. అరగంటకు ఐదు రూపాయలు. రోడ్ ఫైటర్, ఎక్సైట్‌బైక్, మారియో. బయట ఎండ మాడిపోతున్నా లోపల పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూసేవాళ్లు.

1998 ఎండాకాలం సెలవుల్లో నాకో ఆలోచన వచ్చింది. ఇద్దరు కలిసి ఆడే గేము పెట్టి, మనిషికి రెండు రూపాయలు, గెలిచినోడు కూర్చోవాలి, ఓడినోడు లేవాలి అని అట్ట మీద రాసి తగిలించాను. వారం తిరక్కుండా షాపులో జనం పట్టలేదు. గెలిచేవాళ్లు ఎప్పుడూ ఆ నలుగురైదుగురు పెద్ద పిల్లలే. వాళ్లు రెండు రూపాయలు కట్టి సాయంత్రం దాకా ఆడేవాళ్లు. మిగతావాళ్లు నిమిషానికొకరు చొప్పున వచ్చి, డబ్బులిచ్చి, ఓడి, లేచిపోయేవాళ్లు. గల్లా నిండుతుంటే నాకు అదేమీ కనపడలేదు.

అందులో ఒక పిల్లోడు ఉండేవాడు. తొమ్మిదేళ్లుంటాయేమో. వాళ్లమ్మ గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్మేది. వీడు పొద్దున ఆమె పక్కన కూర్చుని అరటినార చీల్చి ఇచ్చి, మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చేవాడు. వాడిచ్చే రూపాయి బిళ్లలు తడిగా ఉండేవి, మల్లెపూల వాసన వచ్చేవి. గోళ్ల సందుల్లో ఆకు పసరు. కూర్చునేవాడు, ప్యాడ్ రెండు చేతులా పట్టుకునేవాడు, అరనిమిషంలో అయిపోయేది. లేచి పోయి గోడకు ఆనుకుని నిలబడి, ఎదుటివాళ్లు ఆడుతుంటే చూస్తూ, ఖాళీ చేతుల్లో బొటనవేళ్లు కదిలిస్తూ ఉండేవాడు. లేని బటన్లు నొక్కేవాడన్నమాట. గంట, రెండు గంటలు అట్లే.

ఒకరోజు నాకే జాలేసింది. అందరూ వినేలా, "పాపం, వీడికి ఒకాట ఊరికే ఇద్దాం రా" అన్నాను. పిల్లలు గొల్లున నవ్వారు. వాడు నా వంక చూసి, ప్యాడ్ ముట్టుకోకుండా బయటికి వెళ్లిపోయాడు. నాకు కోపం కూడా వచ్చింది, మంచికి పోతే వీడికి పొగరు అని.

రెండు రోజుల తర్వాత వచ్చాడు. చేతిలో యాభై రూపాయల నోటు. నాలుగు మడతలు పెట్టి ఉంది. "అయిపోయేదాకా ఆడతా" అన్నాడు. అల్లుడా, నేను అడగలేదు. ఇది ఎక్కడిది నాయనా అని ఒక్క మాట అడగలేదు. నోటు తీసుకుని గల్లాలో వేసుకుని పుస్తకంలో రాసుకున్నాను. ఆ సాయంత్రం వాడు ఇరవై మూడు సార్లు కూర్చున్నాడు, ఇరవై మూడు సార్లు లేచాడు. నాలుగు రూపాయలు మిగిలితే చిల్లర ఇచ్చి పంపాను.

మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తేటప్పటికి వాళ్లమ్మ నిలబడి ఉంది. అది ఆమె పూల పెట్టుబడి. ఆ రోజు మార్కెట్లో పూలు కొనడానికి డబ్బులేక గంప ఖాళీగా పట్టుకుని వచ్చింది. అరవలేదు, తిట్టలేదు. లోపలికి తొంగి చూసి, "ఏముంది సామీ ఆ డబ్బాలో?" అని అడిగింది. నేను యాభై తీసి ఇచ్చాను. తీసుకుని పోయింది. పిల్లోడు మళ్లీ నా షాపు గడప తొక్కలేదు. ఆ వీధిలో వెళ్తున్నప్పుడు ఒకట్రెండు సార్లు కనిపించాడు, తల తిప్పుకుని పోయాడు. వాడి వీపు మీద ఏం పడ్డాయో నేను చూడలేదు, కానీ ఊహించుకోలేనా?

ఆ రోజే అట్ట చింపేశాను. కొత్త రూలు పెట్టాను: ఓడినోడు కూర్చోవాలి, గెలిచినోడు లేచి పక్కన నిలబడి వాడికి నేర్పించాలి. పెద్ద పిల్లలు నెల రోజులు అలిగి వేరే షాపుకు పోయారు. రాబడి సగానికి పడిపోయింది, మీ అత్త గాజులు తాకట్టుకు వెళ్లాయి. మెల్లగా చిన్నపిల్లలు వచ్చారు, అన్నల వెంట చెల్లెళ్లు వచ్చారు. నువ్వు స్టూలెక్కి కూర్చున్నది ఆ రూలు ఉన్న షాపులో. నీకు ప్యాడ్ పట్టుకోవడం నేర్పింది నీకంటే ఆరేళ్లు పెద్ద పిల్ల, నీ చేతిలో ఓడిపోతున్నట్టు నటించేది కూడా.

పోయిన దసరాకు చెన్నైలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు మనవళ్లు మారియో కార్ట్ ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. పన్నెండు బండ్లు పోతుంటాయి, దారిలో పెట్టెలు ఉంటాయి, గుద్దితే ఏదో ఒక వస్తువు దొరుకుతుంది. కాసేపు చూశాక నాకు అర్థమైంది. ముందు పోయేవాడికి అరటితొక్క, నాణెం లాంటివే పడుతున్నాయి. చివర్న ఉన్నవాడికి నక్షత్రం, మెరుపు, బండినే తూటాలా దూసుకుపోయేలా చేసేది పడుతున్నాయి. పెట్టె అందరికీ ఒకటే. గుద్దడం అందరికీ ఒకటే. వెనకబడ్డ పిల్లోడికి సాయం అందుతోంది, కానీ పాపం అన్నవాళ్లు ఎవరూ లేరు, నవ్వినవాళ్లు లేరు. నేను నోటితో అరిచి చెడగొట్టిన పనిని ఆ గేమ్ చేసినవాళ్లు చడీచప్పుడు లేకుండా చేశారు. కళ్లు చెమర్చాయి నాకు. చిన్నది చూసి "తాతా, కన్ను నలక పడిందా" అంది. ఐదేళ్ల దానికి బండి రోడ్డు దాటి కింద పడకుండా తనంతట తానే మళ్లుకునే సదుపాయం కూడా ఉంది అందులో, దానికి అది ఉందనే తెలియదు. అయినా పెద్దోడే ఎక్కువసార్లు గెలుస్తున్నాడు. చేయి తిరిగినవాడికి ఆ మాత్రం దక్కకపోతే వాడూ లేచిపోతాడు, నా పెద్ద పిల్లలు పోయినట్టు. ఆ తూకం కుదిరేదాకా గేమ్ బయటికి తేవద్దు. నీకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే అనుకో.

మారియో పార్టీ కూడా ఆడించారు నా చేత. 1998 డిసెంబరులోనే జపాన్‌లో మొదటిది వచ్చిందట, అంటే నేను అట్ట చింపిన ఏడే. మన వైకుంఠపాళి లాంటి పటం, నలుగురు మనుషులు, పాచిక వేసి నడవడం, నలుగురి వంతూ అయ్యాక ఒక చిన్న ఆట. ఇరవై నాణేలు పోగైతే నక్షత్రం కొనుక్కోవచ్చు. చివర్న లెక్కలోకి రాని పనులకు కూడా ఒకటో రెండో నక్షత్రాలు పంచుతారు, దాంతో ఆఖరి నిమిషం దాకా ఎవరికీ ఆశ చావదు. మా వియ్యపురాలికి డెబ్బై ఏళ్లు, ఆమె ఆ ఆశ మీదే గంటసేపు కదలకుండా కూర్చుంది. ఇంకో గేములో పదుల కొద్దీ మంది ఒకేసారి పరిగెత్తి, ఓడినవాళ్లు ఓడినట్టు రాలిపోతుంటారు. ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని నెట్‌లో ఆడేటప్పుడు అది చెల్లుతుంది, ఓడినవాడు వెంటనే ఇంకోటి మొదలుపెట్టుకుంటాడు. ఒకే గదిలో, ఒకే టీవీ ముందు అయితే ఓడిన పిల్ల చేతులు కట్టుకుని గోడకు ఆనుకుంటుంది. గోడకు ఆనుకునే పిల్ల నీ గేములో ఉండకూడదు.

మీ అమ్మ ఇంకోటి చెప్పింది, నాకు ఒళ్లు మండింది. అలిపిరి మెట్ల మీద రేసు పెడతావా? మూడు వేల ఐదు వందల యాభై మెట్లు, ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి ఎక్కేవాళ్లు ఉంటారు, మోకాళ్ల మీద ఎక్కేవాళ్లు ఉంటారు. మీ జేజి ఆ మెట్లు ఎక్కే నిన్ను అడిగింది స్వామిని. అక్కడ తోసుకోవడాలు, అరటితొక్కలు వద్దు నాయనా. నీకు ఊరి ఆటలే కావాలంటే సంక్రాంతికి మన రంగంపేటలో ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వదులుతారు కదా, అది పెట్టు. పలక ఎవరు లాక్కుంటే వాళ్లది. నిజంగా అయితే అక్కడ దెబ్బలు తగులుతాయని నిన్ను చెయ్యి పట్టుకుని ఆపేవాణ్ని, టీవీలో అయితే ఎవరికీ దెబ్బ తగలదు. గంగజాతర వేషాలు పెడతానంటే పెట్టు, కానీ మేలో జాతరప్పుడు వెళ్లి బైరాగి వేషం ఏ రోజు, బండ వేషం ఏ రోజు, ఎందుకు కడతారో పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్నాకే. అమ్మవారిని మాత్రం బొమ్మగా ఆడించొద్దు.

చేతుల సంగతి మర్చిపోవద్దు. బటన్ గబగబా నొక్కే పోటీలు పెడితే పిల్లలు ఆగరు. నా దగ్గర గోళ్లు వెనక్కి మడతపడేదాకా నొక్కినవాళ్లున్నారు, నేనే గుడ్డ చుట్టేవాణ్ని. మొదటి మారియో పార్టీలో ప్యాడ్ మీది పుల్లను గిరగిరా తిప్పే ఆటలుండేవట, అరచేతులు బొబ్బలెక్కి, 2000లో దాన్ని అమ్మిన నింటెండో కంపెనీ అమెరికాలో పిల్లలకు చేతి తొడుగులు ఇవ్వాల్సి వచ్చింది. వెలుగులు కూడా టపటపా మెరిపించొద్దు. 1997లో జపాన్ టీవీలో ఒక కార్టూన్ అట్లా మెరిసేసరికి ఆరు వందల మందికి పైగా పిల్లలు ఆసుపత్రికి పోయారు. సెకనుకు మూడుసార్లకు మించకూడదంటారు. ఇంకోటి, ఇప్పటి పెద్ద టీవీల్లో బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి కాస్త ఆలస్యమవుతుంది, నా పాత డబ్బా టీవీల్లో అది లేదు. "నేను నొక్కాను, అది కదల్లేదు" అని పిల్ల ఏడిస్తే తప్పు పిల్లది కాదు. టీవీలో ఆ ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ పెట్టుకోమని మొదట్లోనే చెప్పండి, తెలుగులో, ఒత్తులు విడిపోకుండా.

డబ్బు. గేమ్ ఒక్కసారి అమ్ముకో, కొనుక్కున్నవాళ్లకు అంతా ఇచ్చెయ్. లోపల అంగడి పెట్టొద్దు. బండి రంగుకు ఇంత, టోపీకి ఇంత అని పెట్టమని నీకు చాలామంది చెప్తారు, రాబడి అందులోనే ఉందని లెక్కలు చూపిస్తారు. నిజమే కావచ్చు. ఇప్పుడు పిల్లలు నోటు మడత పెట్టి తేనక్కర్లేదు, వాళ్లమ్మ ఫోన్‌లో వేలు ఆనిస్తే చాలు. ఎక్కడిదని అడగడానికి గల్లా దగ్గర మనిషి కూడా ఉండడు. నువ్వు ఆ పని చేస్తే నేను నీతో మాట్లాడను అల్లుడా, ఇది మాత్రం కోపంతోనే రాస్తున్నాను.

డబ్బుకు ఇబ్బంది అయితే మొదట నన్ను అడుగు. మీ అమ్మకు తెలియాల్సిన పని లేదు. షాపు అమ్మినప్పుడు మిగిలింది కొంత పోస్టాఫీసులో ఉంది, అది అట్లాంటి పనికే ఉంచాను.

ఎంతవరకు తయారైందో నాకు తెలియదు, సగమైనా సరే, నలుగురు కూర్చుని ఆడేంత అయినప్పుడు ఒక ఆదివారం మా ఇంటికి తీసుకురా. మీ అత్త తొమ్మిదేళ్లు ఆ షాపు ఊడ్చింది గానీ ఒక్కరోజు కూడా ప్యాడ్ పట్టుకోలేదు. ఆమెకు ఏమీ చెప్పకుండా చేతిలో పెట్టి, మీరు నలుగురూ నోరు మూసుకుని పక్కన కూర్చోండి. ఎక్కడ ఆగిందో, ఎక్కడ నవ్విందో, ఎప్పుడు ప్యాడ్ కింద పెట్టేసిందో రాసుకోండి. ఓలిగలు చేస్తానంది. ముందురోజు ఫోన్ చెయ్, బేళ్లు నానబెట్టాలంట. ఒక ప్యాడ్ ఎక్కువే తీసుకురా, ఎదురింటి పిల్లోడు ఎట్లాగూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడతాడు.

మీ మామ