కార్వెట్‌ను ‘వేగనౌక’ అనవచ్చా?

సందేహం: రెండో ప్రపంచయుద్ధంలో అట్లాంటిక్‌ మీద సరకు ఓడలకు కాపలా కాసిన చిన్న యుద్ధనౌకల గురించి వ్యాసం రాస్తున్నాను. అందులో ‘బారులు తీరిన 7,000 టన్నుల సరకు ఓడల కాన్వాయ్‌కి తోడుగా, గంటకు 16 నాట్ల వేగంతో దూసుకుపోయే 925 టన్నుల వేగనౌకలు వెళ్లేవి. వాటి దెబ్బకు జలాంతర్గాములు మునిగిపోయేవి’ అని రాశాను. కార్వెట్‌ అంటే వేగంగా పోయే చిన్న యుద్ధనౌక అని నిఘంటువులో ఉంది కాబట్టి ‘వేగనౌక’ అన్నాను. సరేనా? – ఒక పాఠకుడు

సమాధానం: సరికాదు. నిఘంటువుది తప్పు కాదు గానీ, అది చెప్పిన అర్థం తెరచాప ఓడల నాటిది. అప్పట్లో ఫ్రిగేట్‌ అనే యుద్ధనౌక కంటే చిన్నదిగా, చురుగ్గా ఉండే ఓడను కార్వెట్‌ అనేవారు. తరవాత వాడుక తప్పిన ఆ పేరును బ్రిటిష్‌ నౌకాదళం రెండో ప్రపంచయుద్ధంలో మళ్లీ తెచ్చి, పూర్తిగా వేరే రకం ఓడకు పెట్టింది. మీరు రాస్తున్నది దాని గురించే.

ఆ ఓడకు మూలం తిమింగిలాల వేట ఓడ. స్మిత్స్‌ డాక్‌ కంపెనీకి చెందిన విలియమ్‌ రీడ్‌, తమ సంస్థ కట్టిన ‘సదరన్‌ ప్రైడ్‌’ అనే వేట ఓడ నమూనాను పెంచి దీన్ని రూపొందించాడు. పొడవు 205 అడుగులు, వెడల్పు 33. ఒకటే ప్రొపెల్లర్‌, రెండు బాయిలర్లు, 2,750 అశ్వశక్తి ఆవిరి ఇంజను. టర్బైన్‌ పెట్టకపోవడం కావాలని చేసిన పనే. పాత రకం పిస్టన్‌ ఇంజనైతే సరకు ఓడలు కట్టే చిన్న యార్డులు కూడా తయారుచేయగలవు, వర్తక నౌకల నుంచి వచ్చిన ఇంజనీర్లు కొత్తగా నేర్చుకోకుండా నడపగలరు. త్వరగా, చవగ్గా, ఎక్కువ సంఖ్యలో రావాలన్నది లెక్క. ఆ లెక్కలో వదులుకున్నది వేగాన్నే.

ఎంత వదులుకున్నారో చూడండి. కార్వెట్‌ గరిష్ఠ వేగం 16 నాట్లు. అది వేటాడవలసిన జర్మన్‌ VIIసి రకం జలాంతర్గామి నీటిపైన 17 నాట్లు దాటి పోగలదు. అంటే రాత్రిపూట పైకి తేలి పారిపోయే శత్రువును కార్వెట్‌ తరిమి పట్టుకోలేదు. కాన్వాయ్‌ 7 నాట్లతో సాగుతుండగా, ఒక కార్వెట్‌ రెండు గంటలు వెనక ఆగి వెతికిందనుకోండి. 14 నాటికల్‌ మైళ్లు వెనకబడుతుంది. పూర్తి వేగంతో వచ్చినా తేడా గంటకు 9 మైళ్లే కాబట్టి మళ్లీ కలవడానికి గంటన్నర పడుతుంది. అంతసేపూ కాపలాలో ఆ చోటు ఖాళీయే. డెప్త్‌ ఛార్జ్‌ల (జలాంతర్గాముల కోసం వదిలే, నీటి లోపల పేలే బాంబుల) విషయంలోనూ ఇదే ఇబ్బంది. తక్కువ లోతులో పేలేలా అమర్చి జారవిడిచాక ఓడ చప్పున దూరం జరగకపోతే, దెబ్బ తన వెనక భాగానికే తగులుతుంది. ఇలాంటి ఓడను ‘దూసుకుపోయే వేగనౌక’ అంటే చదివేవారికి అసలు కష్టమే తెలియదు. ‘కార్వెట్‌’ అనే ఉంచండి. మొదటిసారి వచ్చినచోట ‘కార్వెట్‌ అనే కాపలా ఓడ’ అనండి. అక్కడ వేగం కంటే పని చెప్పడం ముఖ్యం.

‘చిన్న’ అన్న మాటను కూడా కాలం చెప్పి వాడాలి. 2014లో మన నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్‌ కమోర్తా కూడా జలాంతర్గాముల వేటకు కట్టిన కార్వెట్టే. విశాఖ వార్తల్లో దాని పేరు చూసే ఉంటారు. అది 3,000 టన్నుల పైమాట. యుద్ధకాలపు రివర్‌ శ్రేణి ఫ్రిగేట్‌ కూడా దానికంటే చాలా చిన్నది.

ఇక ‘బారులు తీరిన’. మంత్రిగారి కాన్వాయ్‌ చూసి చూసి మనకు ఆ మాట వినగానే ఒకదాని వెనక ఒకటి పోయే కార్లే గుర్తొస్తాయి. సముద్రం మీద అలా కాదు. ఎనిమిదో, తొమ్మిదో, ఒక్కోసారి పన్నెండో వరుసలు పక్కపక్కన నడిచేవి. ఒక్కో వరుసలో నాలుగైదు ఓడలకు మించవు. అంటే పొడవు కంటే వెడల్పే ఎక్కువ. పక్క నుంచి టార్పెడో వేసేవాడికి గురి తక్కువ దొరకాలనే ఆ అమరిక. ‘ఓడల బిడారు’ అంటే వినడానికి సొంపుగానే ఉంటుంది గానీ, అదీ ఒంటెల వరుసనే గుర్తుకు తెస్తుంది. కాన్వాయ్‌ అనే రాసి, ‘బారులు’ తీసేసి, ‘పక్కపక్క వరుసల్లో గుంపుగా’ అనండి.

‘గంటకు 16 నాట్లు’ అనడం పునరుక్తి. నాట్‌ అంటేనే గంటకు ఒక నాటికల్‌ మైలు, అంటే 1,852 మీటర్లు. ‘గంటకు’ కొట్టేయండి. (గంటకు ఎన్ని నాట్లు అంటే మన పల్లెల్లో వరిమడి లెక్క అనుకుంటారు.) పాఠకులకు కిలోమీటర్లలో చెప్పాలంటే ‘గంటకు దాదాపు 30 కిలోమీటర్లు’ అనవచ్చు.

మీ వాక్యంలో అన్నిటికంటే తప్పుదారి పట్టించేవి టన్నులు. 925, 7,000 రెండూ టన్నులే అయినా ఒకే కొలత కాదు. యుద్ధనౌకకు చెప్పేది అది పక్కకు నెట్టే నీటి బరువు. సరకు ఓడకు మామూలుగా చెప్పే స్థూల టన్నేజీ బరువు కాదు, ఘనపరిమాణం. అప్పటి లెక్కలో 100 ఘనపుటడుగుల లోపలి చోటు ఒక టన్ను. యుద్ధంలో అమెరికా రెండు వేలకు పైగా కట్టిన లిబర్టీ రకం సరకు ఓడ స్థూల టన్నేజీ 7,176. నిండా సరకుతో అది నెట్టే నీటి బరువు 14,000 టన్నులు దాటుతుంది. ‘7,000 స్థూల టన్నుల సరకు ఓడలు’ అని రాయండి. అప్పుడు రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి భాగించే పొరపాటు ఎవరూ చేయరు.

ఈ యుద్ధకాలపు కార్వెట్ల శ్రేణి పేరు ఫ్లవర్‌. దాన్ని ‘పూల తరగతి’ అనకండి. బ్రిటన్‌ వాటికి పూల పేర్లు పెట్టింది, నిజమే. కానీ అదే శ్రేణి ఓడలకు కెనడా ఊళ్ల పేర్లు పెట్టింది. నేటికీ మిగిలి ఉన్న ఒకే ఒక్క ఓడ, హాలిఫాక్స్‌లోని సాక్‌విల్‌, అలాంటిదే.

చివరిది ‘మునిగిపోయేవి’. మామూలు ఓడ మునిగిందంటే దాని కథ ముగిసినట్టే. జలాంతర్గామికి మునగడం రోజువారీ పని. కార్వెట్‌ను చూడగానే అది చేసేదీ అదే. అందుకే తనంతట తాను వెళ్తే ‘నీళ్లలోకి దిగింది’ అనీ, దెబ్బతిని పోతే ‘ధ్వంసమైంది’ అనీ వేరు చేయండి. మన పేర్లతో ఇంకో చిక్కు ఉంది. 1944 ఆగస్టు 12న సీషెల్స్‌ దగ్గర జర్మన్‌ జలాంతర్గామి యూ-198ని ధ్వంసం చేసిన రెండు నౌకల్లో ఒకటి బ్రిటిష్‌ ఫ్రిగేట్‌ ఫిండ్‌హార్న్‌, రెండోది రాయల్‌ ఇండియన్‌ నేవీకి చెందిన స్లూప్‌ (కాపలా యుద్ధనౌక) గోదావరి. దీన్ని ‘గోదావరి దెబ్బకు మునిగిన జలాంతర్గామి’ అని రాస్తే రాజమండ్రిలో వరద వార్త అనుకుంటారు. పేరుకు ముందు ‘హెచ్‌ఎంఐఎస్‌’ (రాయల్‌ ఇండియన్‌ నేవీ నౌకల పేర్లకు ముందు వాడిన పొడి అక్షరాలు) అనో, తరవాత ‘నౌక’ అనో తప్పకుండా చేర్చండి.