ఎక్స్-రేలో ఏమీ లేదన్నారు.. మణికట్టు నొప్పి తగ్గడం లేదు!

ప్రశ్న: నా వయసు 26 ఏళ్లు. రెండు వారాల కిందట మెట్ల మీద జారి, అరచేయి నేలకు ఆనించి పడ్డాను. అదే రోజు ఎక్స్-రే తీసి ఎముక విరగలేదని, బెణికిందని చెప్పారు. వాపు తగ్గింది గానీ బొటనవేలి కింద, మణికట్టు దగ్గర నొప్పి అలాగే ఉంది. సీసా మూత తిప్పినా కలుక్కుమంటోంది. మళ్లీ ఎక్స్-రే తీయించుకోవాలా? ఎమ్మారై అవసరమా?

జవాబు: మీరు చెబుతున్న లక్షణాలను బట్టి దీన్ని బెణుకని వదిలేయడానికి వీల్లేదు. చేయి ఆనించి పడటం, నొప్పి బొటనవేలి మొదట్లోనే ఉండటం.. ఈ రెండూ కలిస్తే ముందుగా అనుమానించాల్సింది స్కాఫాయిడ్ ఎముకనే. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది ఇదే. బొటనవేలిని బాగా పైకి చాచి చూడండి. దాని మొదట్లో తాళ్లలా ఉబ్బే టెండన్ల మధ్య చిన్న గుంట పడుతుంది. అక్కడ వేలితో నొక్కితే నొప్పి పుడుతోందా? అయితే మొదటి రిపోర్టులో ఏం రాసి ఉన్నా, ఎముక విరగలేదని తేలేవరకూ విరిగినట్టే లెక్కగట్టాలి.

మొదటి ఎక్స్-రే చూసినవారిని తప్పు పట్టాల్సిన పని లేదు. ముక్కలు పక్కకు జరగకపోతే విరిగిన గీత చాలా సన్నగా ఉంటుంది. కిరణాలు ఆ గీత వెంబడి సూటిగా వెళ్తేనే అది ఫిల్ములో నల్లగా తెలుస్తుంది. అందుకే మామూలు కోణాలతో పాటు, మణికట్టును చిటికెనవేలి వైపు వంచి ‘స్కాఫాయిడ్ వ్యూ’ కూడా తీయాలి. పైగా 10-14 రోజులు గడిచేసరికి విరిగిన అంచుల దగ్గర ఎముక కొంత కరిగి గీత వెడల్పవుతుంది. మీరిప్పుడు సరిగ్గా ఆ దశలోనే ఉన్నారు కాబట్టి మళ్లీ ఎక్స్-రే తప్పకుండా తీయించుకోండి. అందులోనూ ఏమీ కనిపించక, గుంటలో నొప్పి మాత్రం అలాగే ఉంటే ఎమ్మారై చేయించాలి. ఎముక మజ్జలో చేరిన నీరు సైతం అందులో బయటపడుతుంది, రేడియేషన్ ఉండదు. వీలుంటే నేరుగా ఎమ్మారైకి వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

సీటీ స్కాన్ పని వేరు. విరిగిందని తేలాక ముక్కలు ఎంత జరిగాయో కొలవడానికి అది పనికొస్తుంది. రిపోర్టులో ‘ఫ్రాక్చర్’ అన్న ఒక్క మాట మాకు చాలదు. బొటనవేలి వైపు కొసన విరిగిందా, నడుమ విరిగిందా, ముంజేయి వైపు కొసన విరిగిందా అన్నది ముఖ్యం. ఈ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి లోపలికి ప్రవేశించి, వెనక్కి ముంజేయి వైపు ప్రవహిస్తుంది. కాబట్టి విరుపు ముంజేయికి ఎంత దగ్గరైతే అతకడం అంత కష్టం. ఒక్కోసారి రక్తం అందక ఆ ముక్క నిర్జీవమవుతుంది కూడా. నడుమ విరిగి, ముక్కలు కదలకపోతే సాధారణంగా 8-12 వారాల కట్టుతో అతుకుతుంది. 1 మిల్లీమీటరుకు మించి జరిగినా, ముంజేయి వైపు కొస విరిగినా స్క్రూ వేయడం గురించి ఆలోచిస్తాం. పట్టించుకోకుండా వదిలేస్తే ఎముక అతకక, కొన్నేళ్లకు మణికట్టు కీలు అరిగిపోతుంది.

ఒకటి రెండు రోజుల్లో ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవండి. ఈలోపు బొటనవేలు కూడా కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ వేసుకోండి. మర్దన చేయించొద్దు, బరువులు ఎత్తొద్దు. పాత ఫిల్మును మాత్రం వెంట తీసుకెళ్లండి. కొత్తదాని పక్కన పెట్టి చూస్తే, అప్పుడు అనుమానంగా వదిలేసిన గీత ఇప్పుడు స్పష్టపడవచ్చు.