డాక్టర్ సలహా: వాకింగ్‌కి వెళ్లండి, కానీ ముందు ఆ నిద్ర గోలీ సంగతి చూడండి

ప్రశ్న: మాది హనుమకొండ, నాకు 47. ఏడాది నుంచి నెలసరి సరిగ్గా వస్తలేదు, వస్తే పది పన్నెండు రోజులు ఆగదు. రాత్రి రెండింటికి చెమటలు పట్టి మెలకువ వస్తది, మళ్ల నిద్ర పట్టదు. మెడికల్ షాపాయన ఇచ్చిన అల్ప్రాజోలం నాలుగు నెలల సంది వేసుకుంటున్న. మా కాలనీ ఆడోళ్లు పొద్దుగాల భద్రకాళి బండ్ మీద నడక, యోగా చేస్తున్నరు. నేను కూడా పోతే నిద్ర పడుతదా?

జవాబు: వెళ్లండమ్మా, నిక్షేపంగా వెళ్లండి. నెలసరి ఆగిపోయే ముందు దశలో నడక, తేలికపాటి యోగాతో చాలామందికి నిద్ర కొంత మెరుగవుతుంది, చెమటలు మాత్రం వాటితో పెద్దగా తగ్గకపోవచ్చు. నలుగురితో కలిసి చేస్తే ఒకరోజు మీరు రాకపోయినా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు కాబట్టి మానరు, కనీసం రెండు నెలలు చూడండి.

కానీ మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ గోలీ గురించే నాకు భయంగా ఉంది. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా చాక్లెట్ ఇచ్చినట్టు ఇచ్చేస్తున్నారు. మన దగ్గర కల్తీ కల్లులో కలిపేది కూడా ఇదే, ఆ కల్లు ఒక్కసారిగా దొరకకపోతే మనుషులు చేతులు వణికి, ఫిట్స్ వచ్చి ఆస్పత్రికి వచ్చిన సంగతి మీకూ తెలిసే ఉంటుంది. నాలుగు నెలలంటే శరీరానికి అలవాటు పడి ఉండొచ్చు, అందుకని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి, డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా డోసు తగ్గించుకోవాలి. గురక ఉంటే అది కూడా చెప్పండి, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నవాళ్లకి ఈ మందు ఇంకా ప్రమాదం.

ఇక పది పన్నెండు రోజుల బ్లీడింగ్, "ఈ వయసులో అందరికీ అంతే" అని ఏడాది ఊరుకున్నారు చూడండి, అది బాగాలేదమ్మా. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష), థైరాయిడ్, కడుపు స్కానింగ్ చేయించాలి, 45 దాటాక గర్భసంచి లోపలి పొర ఒకసారి చూడాల్సిందే, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. చాలావరకు భయపడాల్సింది ఏం ఉండదు, కానీ చూడకుండా నేను ఇక్కడి నుంచి చెప్పలేను. ఐరన్ తగ్గితే రాత్రి కాళ్లు లాగి కూడా నిద్ర పట్టదు. చెమటలకి హార్మోన్ మందులున్నాయి, అవి అందరికీ పడవు, ఫ్రెండ్‌కి రాసినవి మాత్రం తెచ్చుకుని వేసుకోకండి.

ఈ వారంలోనే గైనకాలజిస్ట్ దగ్గరికి ఆ గోలీల స్ట్రిప్ పట్టుకుని వెళ్లండి. గంటకో ప్యాడ్ తడుస్తున్నా, కళ్లు తిరుగుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి పోవాలి.